కరిచిన కుక్కను చూడటానికి వచ్చిన అవ్వ

జహీరాబాద్‌లో మాకొక పిండి గిర్ని ఉంది. మా మామగారు పెట్టింది. ఆయన తర్వాత నేనూ మా ఆయనా నడుపుతున్నాం. జొన్నలు, గోధుమలు తూచి గిర్నిలో పోసే పని నాది. మోటారు, బెల్టు, రాళ్లు ఆయన చూసుకుంటాడు. పన్నెండేళ్ల కిందట ఒక వానాకాలం పొద్దున షట్టర్ ఎత్తేసరికి ఖాళీ గోనె సంచుల మధ్య ఒక కుక్కపిల్ల ముడుచుకుని ఉంది. కింద సందులోంచి దూరినట్టుంది. ఒళ్లంతా పిండి పడి తెల్లగా కనిపిస్తే తెల్ల కుక్కే అనుకున్నాను. దులిపితే గోధుమరంగు తేలింది. మళ్లీ బయటికి తోలబుద్ధి కాలేదు.

దాని గురించి గొప్పలు చెప్పుకోవాలంటే నాకు చాలా ఉన్నాయి. సంచుల మీదికి మేకలు వస్తే మొరిగేది కాదు, లేచి వెళ్లి వాటికీ సంచులకీ మధ్య నిలబడేది, అంతే. మేక తనంతట తానే వెనక్కి తిరిగేది. గిర్నికి వచ్చే ఆడవాళ్లలో ఎవరు కొత్తో ఎవరు పాతో దానికి తెలుసు. పాతవాళ్లు వస్తే తోకతో నేలను రెండుసార్లు కొట్టి మళ్లీ కళ్లు మూసుకునేది. పదకొండేళ్లలో ఒక్కరి మీద పళ్లు చూపించలేదు. అంత మోటారు చప్పుడులోనూ దాని పక్కనే పడుకుని హాయిగా నిద్రపోయేది.

కిందటేడు ఎండలు మొదలయ్యే రోజుల్లో, వారం పది రోజుల్లోనే ఆ కుక్క మారిపోయింది. పొద్దున షట్టర్ ఎత్తగానే ఎదురొచ్చేది రావడం మానేసింది. గుమ్మం దగ్గర పడుకునేది కాటా వెనకున్న మూలకు చేరి గోడవైపు తిరిగి పడుకోసాగింది. పిలిస్తే పలకదు. దానికి ప్రాణమైన జొన్నరొట్టె వేస్తే నోట్లోకి తీసుకుని, కిందపడేసి, దాన్ని చూస్తూ కూర్చునేది. ఒకరోజు మా ఆయన సంచి తీయడానికి వంగితే గుర్రుమంది. ఆయన నమ్మలేనట్టు నావైపు చూశాడు.

"ముసలిదైంది కద, పొగరెక్కింది. పిలిస్తే పలుకుత లేదు సూడు," అన్నాడు.

నేనూ అదే అనుకున్నాను. మనుషులకు వయసు మీద పడితే చిరాకు పెరగదా, దీనికీ అంతేనేమో అనుకున్నాను. మూతి పక్కన జొల్లు కారుతుంటే చూసి కూడా ఎండకేమో అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎదురుగా అన్నీ కనిపిస్తున్నాయి, అయినా ఒక్కటీ నా బుర్రకు ఎక్కలేదు.

మా గల్లీకి రెండు గల్లీల అవతల ఒక అవ్వ ఉంటుంది. ఆమెది న్యాల్‌కల్ అవతల కర్ణాటక సరిహద్దుకు ఆనుకున్న ఊరు. బర్లను, మేకలను సాకడంలోనే ఆమె బతుకంతా గడిచింది. మోకాళ్లు పట్టేశాక నాలుగేళ్లుగా ఇక్కడ కూతురింట్లో ఉంటోంది. వారానికోసారి చిన్న సంచిలో జొన్నలు తెచ్చి పట్టించుకుంటుంది. కూతురు పొట్లం పిండి కొందామంటే ఒప్పుకోదు. వచ్చినప్పుడల్లా మా కుక్క నెత్తిమీద చెయ్యేసి, "ఏం దొరా, కుశాలా?" అని అడిగి గానీ సంచి దించదు.

ఆ రోజు మధ్యాహ్నం కూడా అలాగే వచ్చింది. గిర్ని నడుస్తోంది. కుక్క గోడవైపు తిరిగి నిద్రపోతోంది. అవ్వ వెనక నుంచి వంగి దాని నెత్తిమీద చెయ్యి వేసింది. ఆ తర్వాతది నేను సరిగా చూడనేలేదు. ఒక్క అరుపు, అవ్వ వెనక్కి తూలడం, చేతి అంచు నుంచి నెత్తురు. పాత చీర మీద, పిండి పడ్డ నేల మీద చుక్కలు చుక్కలు.

మా ఆయన మోటారు ఆపి, బెల్టు జరపడానికి వాడే కర్ర అందుకున్నాడు. కుక్క మూలకు అతుక్కుపోయి వణుకుతోంది. ఆయన కర్ర ఎత్తేసరికి అవ్వ మధ్యలోకి వచ్చింది. నెత్తురు కారుతున్న చెయ్యినే అడ్డం పెట్టింది.

"కొట్టకు కొడుకా, కొట్టకు! అది నన్ను కరువాలని కరువలే. బెదిరింది. దాని కండ్లు సూడు."

కళ్లు చూసే స్థితిలో మేమెవరమూ లేము. గిర్ని దగ్గరున్న ఒకామె ఇంట్లోకి పరుగెత్తి కారప్పొడి తెచ్చింది, గాయం మీద అద్దడానికి. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"కారం గీరం వద్దు బిడ్డా. సబ్బు తే. నల్లా ఇప్పు."

బట్టలుతికే సబ్బు ముక్కే దొరికింది. నల్లా కింద చెయ్యి పెట్టించి నేనే కడిగాను. ఇక చాలేమో అని నేను ఆపబోతే, "ఇంకా కడుగు, ఇంకా కడుగు," అంటుంది. కడిగీ కడిగీ నా వేళ్లు ముడతలు పడ్డాయి. అప్పటిదాకా ఆమె ఒక్కసారి కూడా అమ్మా అనలేదు. నేను మాత్రం ఏడుస్తూనే ఉన్నాను.

ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకెళ్లాను. గాయంలోనూ చుట్టూ ఒక మందు, భుజానికి ఒక సూది ఇచ్చారు. మళ్లీ ఏ రోజుల్లో రావాలో చీటీ మీద రాశారు. అక్కడి డాక్టరు నన్నడిగాడు, "ఇంటి కుక్కనా? టీకాలు ఏపిస్తున్నరా?"

ప్రతి ఏడూ వేయించేదాన్ని. దానికి ముందు ఏడు మాత్రం రేపు మాపు అంటూ వదిలేశాను. అదే ఆయనకు చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. "కుక్కను ఎటూ పోనియ్యకండ్రి. కట్టేసి పది రోజులు చూడాలె. అది మంచిగుంటే ఈమెకు ఫికర్ ఉండదు. ఏమన్న తేడా వస్తే వెంటనే చెప్పాలె. సూదులు మాత్రం ఆపొద్దు," అన్నాడు.

తిరిగొచ్చేసరికి మా ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. "దీనికి పిచ్చి లేసినట్టే ఉంది. జొల్లు కూడ కారుతుంది. చెరుకు తోటల దిక్కు ఇడిసిపెట్టి వస్త," అన్నాడు. భయంతో అన్న మాట అది. ఆ గొంతు నాకు తెలుసు. అవ్వ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆటోలోనే కూర్చుని ఉంది. అక్కడి నుంచే జవాబు చెప్పింది.

"ఇడిసిపెడితే దానికి పిచ్చి ఉన్నదో లేదో నాకెట్ల తెలుస్తది కొడుకా? కరిపిచ్చుకున్నది నేను. అది నా కండ్ల ముందట ఉండాలె. కట్టెయ్యి. నీళ్లు పెట్టు."

ఆ ఒక్క మాటతో కుక్క మా ఇంట్లో నిలిచింది. గిర్ని వెనక వసారాలో గొలుసుతో కట్టేశాం. ఎవరూ దగ్గరికి వెళ్లకుండా గిన్నెలు పొడుగాటి కర్రతో తోసేవాళ్లం.

మరుసటి రోజు నేను ఫోన్ చేస్తే పశువుల దవాఖాన నుంచి డాక్టరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. మొగుడంపల్లి దిక్కు ఎక్కడో ఈనలేకపోతున్న బర్రెను చూసి నేరుగా స్కూటీ మీద వచ్చింది. బూట్లకు ఇంకా పేడ ఉంది. కుక్కకు పది అడుగుల దూరంలో గొంతుక్కూర్చుంది. చాలాసేపు దాన్ని ఊరికే చూసింది. తర్వాత నన్ను అడగడం మొదలుపెట్టింది. ఎప్పటి నుంచి ఇలా ఉంది? మెల్లమెల్లగా మారిందా, ఉన్నట్టుండి మారిందా? నీళ్లు ఎక్కువ తాగుతోందా? ఒంటేలు ఎక్కడపడితే అక్కడ పోస్తోందా? చిక్కిందా? లేచేటప్పుడు కాళ్లు పట్టేసినట్టుగా లేస్తోందా? గోడలకు గుద్దుకుంటోందా? తెలిసిన మనుషుల్ని పోల్చుకుంటోందా? సగం ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. పదకొండేళ్లు కళ్ల ముందు తిరిగిన ప్రాణి.

"ముసలిది కద మేడం, అందుకే కోపం ఎక్కువైందేమో అనుకున్నం," అన్నాను.

"అందరు అట్లనే అనుకుంటరు అక్కా. కానీ వయసుకు గుణం ఇట్ల వారం రోజుల్ల మారదు. ఒక్కసారిగ మారిందంటే ముందుగాల ఒళ్లు చూడాలె. పన్ను నొప్పి కావచ్చు, చెవి కావచ్చు, చూపు పోతుండొచ్చు. కీళ్లు, కిడ్నీలు, షుగరు, ఒక్కోసారి మెదడుల గడ్డ. ఏది లేదని తేలినంకనే గుణం గురించి మాట్లాడాలె."

"మరి ఇప్పుడు నోరు చూస్తరా?"

"చూడను. పది రోజులు దాని నోట్లె చెయ్యి పెట్టను. నేను టీకాలు తీసుకున్న, అయినా పెట్టను. మీరు కూడ పెట్టొద్దు. దూరంకెల్లి చూడుర్రి, ఫోన్ల వీడియో తీయుర్రి. ఎట్ల తింటుంది, ఎట్ల తాగుతుంది, ఏ పక్క పండుకుంటుంది, అన్ని."

అంత తెలిసిన మనిషి, ఇంకా తెలియనిదాన్ని తెలిసినట్టు మాట్లాడకపోవడం నాకు నచ్చింది. జబ్బు పేరు చెప్పకుండానే వెళ్లింది. అయినా ఆ రోజు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మూడో రోజు అవ్వ రెండో సూది వేయించుకుని, ఇంటికి పోకుండా నేరుగా మా గిర్నికి వచ్చింది. చేతికి కట్టు అలాగే ఉంది. జొన్నల సంచి లేదు.

"దొర ఎట్లున్నడు?" అంది.

నేను వసారా వైపు చూపించాను. ఒక్క తిట్టు తిట్టినా నాకు సులువుగా ఉండేది.

"కుర్చీ ఎయ్యి బిడ్డా. జరసేపు సూస్త."

వసారాలో, కుక్కకు అందని దూరంలో కుర్చీ వేశాను. ఆమె కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. కుక్క ఒకసారి తలెత్తి చూసి దించుకుంది. నేను గిర్నిలోకి వెళ్లి రెండు సంచులు పట్టి వచ్చాను. ఆమె అలాగే ఉంది. ఇంకో సంచి పట్టి వచ్చాను. అప్పుడు నన్ను పిలిచింది. ఆమె ఊరి భాషలో చూడు అనడానికి నోడు అంటుంది.

"నోడు బిడ్డా, నీళ్లు మంచిగ తాగుతుంది. గొంతు దిగుతున్నయ్. పిచ్చి లేసిన కుక్కకు నీళ్లు గొంతు దిగయ్, మా ఊర్ల సూసిన. గిన్నెల మెత్తటిది ఉంటే నాకుతుంది. గట్టిది ఏస్తే కుడి దిక్కు పెట్టుకుంటది, ఎడమ దిక్కు జరంగనే పడేస్తది. ఇందాకటి సంది మూడుమాట్ల ఎడమ చెంప గోడకు రాసింది. కన్ను కింద సూడు, జర ఉబ్బు లేదా?"

చూశాను. ఎడమ కన్ను కింద ఉబ్బు ఉంది. చెప్పాక గానీ కనిపించలేదు. కనిపించాక ఇక దాచినా దాగదు.

"ఇంకోటుంది. జర ఆగు."

కుక్క అటు తిరిగి పడుకునే దాకా ఆగింది. పక్కనున్న పాత నూనె డబ్బా మూతను కర్రతో గట్టిగా కొట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. కుక్క చెవి కూడా కదల్లేదు. తర్వాత కర్రతో నేల మీద మెల్లగా తట్టింది. కుక్క వెంటనే తల తిప్పి చూసింది.

"దీనికి ఇనపడత లేదు బిడ్డా. ఎన్నొద్దులైందో ఏమో. ఇనపడక పండుకున్నది, నొప్పితోని పండుకున్నది. ఎన్కకెల్లి నేను నెత్తి మీద చెయ్యేస్తి. నువ్వయితే ఏం జేస్తవ్?"

పిలిస్తే పలకడం లేదని, పొగరని, మేమిద్దరం దాని మీద ఎన్నిసార్లు అరిచామో లెక్క లేదు. ఆ అరుపులు కూడా దానికి వినపడలేదని అప్పుడు అర్థమైంది.

అదంతా వీడియో తీసి డాక్టరమ్మకు పంపాను. పావుగంటలో ఫోన్ వచ్చింది.

"ఈ అవ్వ ఎవరక్కా?"

"మా కుక్క కరిచింది ఈమెనే మేడం."

"జర ఫోన్ ఆమెకియ్యు," అంది.

వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు ఇటువైపు మాటలే వినిపించాయి. "లేదు, ముక్కులకెల్లి ఏం కారత లేదు… తల ఒక దిక్కు వంచుత లేదు… నడక సీదనే ఉన్నది… అవు, ఎడమ దిక్కే." చదువుకున్న డాక్టరమ్మ అడుగుతోంది, ఎన్నడూ బడి గడప తొక్కని ముసలమ్మ ఒక్కో మాట ఆచితూచి చెబుతోంది. తెలియనిది తెలియదని చెబుతోంది. ఇద్దరిలో ఎవరిని ఎక్కువ మెచ్చుకోవాలో ఆ రోజు నాకు తేలలేదు, ఇప్పటికీ తేలలేదు.

పంటి కింద చీము పట్టి ఉంటుందని డాక్టరమ్మ అనుమానపడింది. నీళ్లు మింగడం మంచి గుర్తే గానీ పది రోజులు నిండే దాకా జాగ్రత్త తప్పదంది. చీముకూ నొప్పికీ గోలీలు పంపింది. పొడి చేసి పెరుగన్నంలో కలిపి, గిన్నె కర్రతోనే తోశాం. మూడు రోజులు తిన్నాక ఒక పొద్దున నేను వసారాలోకి వెళ్తే కుక్క లేచి నిలబడి తోక ఆడించింది. పరుగెత్తి మా ఆయనను పిలుచుకొచ్చాను. ఆయన గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్లిపోయాడు. తర్వాత చూస్తే మోటారు దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి, పిండి పడింది అన్నాడు. అప్పటికి మోటారు ఇంకా వేయనేలేదు.

ఆ మరునాడు కన్ను కింద ఉబ్బు చిట్లి చీము కారింది. నాకు భయం వేసింది గానీ కుక్కకు మాత్రం హాయి దొరికినట్టుంది. మొదటిసారి ఎడమ చెంప నేలకు ఆనించి పడుకుంది.

పది రోజులు గడిచాయి. పదకొండో రోజు డాక్టరమ్మ వచ్చి, కొద్దిపాటి మత్తు సూది వేసి, నోరు తెరిచి లైటు వేసింది. మా ఆయనే కుక్క తల ఒళ్లో పెట్టుకుని పట్టుకున్నాడు. పై దవడలో ఎడమవైపు పెద్ద పన్ను నిలువునా పగిలి, లోపల నల్లబడి ఉంది.

"బొక్కలు కొరుకుతదా?" అని అడిగింది.

ఆదివారం ఆదివారం మటన్ తెచ్చినప్పుడు లావు బొక్కలు ఏరి దానికోసం పక్కన పెట్టేది మా ఆయనే. ప్రేమతో పెట్టేవాడు. "నేనే ఏసేటోన్ని మేడం," అన్నాడు తల ఎత్తకుండా.

"తెల్వక ఏసిన్రు. ఇగ ఎయ్యకుర్రి," అంది డాక్టరమ్మ, అంతకు మించి ఒక్క మాట పెంచకుండా.

మూడు వేర్లున్న పన్ను, పైగా వయసు మళ్లిన కుక్క. అది తీయాలంటే ముందు నెత్తురు పరీక్ష చేసి, కిడ్నీలు అంతసేపు పూర్తి మత్తును తట్టుకుంటాయో లేదో చూడాలి. తన దగ్గర ఆ సౌకర్యం లేదని, హైదరాబాద్‌లో పెద్ద పశువుల దవాఖానకు చీటీ రాసిచ్చింది. చెరుకు తోటల దిక్కు వదిలేసి వస్తానన్న మనిషే, తెల్లవారగానే వ్యాను మాట్లాడి, కుక్కను ఒళ్లో పెట్టుకుని వంద కిలోమీటర్లు తీసుకెళ్లాడు. పరీక్షలో కిడ్నీలు బాగానే ఉన్నాయని తేలింది. పన్ను తీసేశారు. చెవులు కూడా చూశారు. లోపల గుబిలి గానీ పుండు గానీ ఏమీ లేదు, వయసుతో వినికిడి పోయిందని, అది తిరిగి రాదని చెప్పారు.

దాంతో మేం మారాల్సి వచ్చింది. గిర్ని గోడ మీద సున్నంతో పెద్దగా రాయించాం: కుక్కకు వినపడదు, ముందు నుంచి రండి, నిద్రలో ముట్టుకోకండి. దాని పడక గోడ మూల నుంచి గుమ్మం ఎదురుకు మార్చాం, వచ్చేవాళ్లు కనిపించేలా. లేపాలంటే కాలితో నేల తట్టడం అవ్వ నేర్పింది. చెయ్యి ఊపితే రావాలని, అరచెయ్యి చూపిస్తే ఆగాలని ఆ వయసులో అది పదిహేను రోజుల్లో నేర్చుకుంది. రొట్టె మజ్జిగలో నానబెట్టి పెడుతున్నాం. ఏటా వేయించాల్సిన టీకా తేదీకి ఇప్పుడు క్యాలెండర్ మీద మా ఆయనే ఎర్ర గీత పెడుతున్నాడు.

అవ్వ సూదులన్నీ పూర్తిచేసింది. గాయం మాని సన్నటి మచ్చ మిగిలింది. చివరి సూది అయిన వారానికి జొన్నల సంచితో వచ్చింది. ముందు నుంచి వచ్చి, నేల తట్టి, చెయ్యి వాసన చూపించి, అప్పుడు నెత్తిమీద వేసింది. అది తోకతో నేలను కొడుతూనే ఉంది.

పిండి సంచి అందిస్తూ ఆ రోజు అడిగేశాను. "అవ్వా, నీకు దాని మీద కోపం రాలేదా?"

"ఎందుకు రాలే? మస్తు వచ్చింది. ఇంటికి పోయినంక నిన్ను, నీ కుక్కను కలిపి తిట్టిన," అంది నవ్వకుండా. "రెండొద్దులు చెయ్యి సలుపుతుంటే నిద్ర పట్టలే. అప్పుడనిపిచ్చింది, నాకు సలుపుతుందని బిడ్డకు చెప్పుకుంటున్న, సూది ఏస్తున్రు, అన్నం కలిపి పెడుతున్రు. అది ఎవ్వరికి చెప్పుకుంటది అని. అందుకే వచ్చిన. అంతే, పెద్ద మాటేం గాదు."

నాకది పెద్ద మాటే. నా మొహం చూసి, "పిండి జర మెత్తగ పట్టినవు, ఈమాటు బరకగ పట్టు," అని సంచి సర్దుకుంది.

ఇప్పుడు మా కుక్కకు పదమూడో ఏడు నడుస్తోంది. నడక నెమ్మదించింది, కళ్లలో సన్నటి పొర వస్తోంది. ఏ చిన్న తేడా కనిపించినా రాసుకుంటున్నాను. మొన్న రాయికోడ్ దిక్కు నుంచి జొన్నలు తెచ్చిన ఒకాయన గోడ మీది రాత చదివి, తన ఇంట్లోనూ ఒక ముసలి కుక్క ఉందని, నెల రోజులుగా కుండలో నీళ్లన్నీ తాగేస్తోందని, ఇంట్లోనే ఒంటేలు పోస్తోందని చెప్పాడు. "ముసలిదైంది, ఏం జేస్తం," అన్నాడు.

నేను డాక్టరమ్మ నంబరు రాసివ్వడానికి కాగితం వెతుకుతున్నాను. పిండి కోసం వచ్చి కూర్చున్న అవ్వ కర్ర పక్కన పెట్టి, ఆయనకు కుర్చీ జరిపింది.

"కూసో కొడుకా. ఎన్నొద్దుల సంది తాగుతుంది? చిక్కిందా? మొదటికెల్లి చెప్పు."